పార్సర్ ఫైల్‌లో కారణం తెలియని మార్పులు వచ్చాయా? రివ్యూ చేయాల్సిన పద్ధతి ఇదీ

"గ్రామర్ ఫైల్‌లో ఒక్క లైను కూడా మారలేదు. పార్సర్.సి లో మాత్రం రెండు వేల లైన్లు మారాయి. అప్రూవ్ చేయొచ్చా?"

ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. పార్సర్ అంటే ఇన్‌పుట్‌ను నియమాల ప్రకారం విడగొట్టి చదివే ప్రోగ్రామ్. ఆ నియమాలు గ్రామర్ ఫైల్‌లో (పార్సర్.వై) ఉంటాయి, వాటి నుంచి బైసన్ లాంటి జనరేటర్ టూల్ పార్సర్.సి ని తయారు చేస్తుంది. చాలా టీముల్లో ఫైల్ పైన ఆటో జనరేటెడ్ అని కనిపించగానే కిందికి స్క్రోల్ చేసి వదిలేస్తారు. కొందరు శ్రద్ధగా అంకెల పట్టికలు చదవబోతారు, కాసేపటికే కళ్ళు తిరిగి ఆపేస్తారు. ఈ రెండిట్లో ఏదీ రివ్యూ కాదు.

చేయాల్సింది వేరు. ఆ ఫైల్‌ను చదవకండి, మీ మెషీన్‌లో మళ్ళీ తయారు చేయండి. మీకు వచ్చిన ఫైల్, కమిట్‌లో ఉన్న ఫైల్ అక్షరం తేడా లేకుండా ఒకటే అయితే, ఇక రివ్యూ చేయాల్సింది గ్రామర్‌నూ టూల్‌నూ మాత్రమే. అవి మనిషి చదవగలిగినవి. ఒకటి కాకపోతే, మిగిలిన ఆ కాస్త తేడా మీద కూర్చోవాలి.

ఉదాహరణలు ఎక్కువగా బైసన్ మీద ఇస్తున్నాను. ట్రీ-సిట్టర్ (ఎడిటర్లు వాడే ఇంకో పార్సర్ జనరేటర్) వాడేవాళ్ళకు 8వ భాగం ఉంది.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

జనరేటెడ్ ఫైల్ గ్రామర్ ఒక్కదాని నుంచే రాదు. గ్రామర్, జనరేటర్ వెర్షన్, దానికి ఇచ్చిన ఆప్షన్లు, ఆ తర్వాత నడిచే స్క్రిప్టులు, ఈ నాలుగూ కలిస్తేనే ఫైల్ వస్తుంది. కారణం తెలియని మార్పు వచ్చిందంటే వీటిలో ఏదో మారిందని, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదని అర్థం. లేదా ఎవరో ఫైల్‌ను చేత్తో దిద్దారు.

☐ పాత కమిట్, కొత్త కమిట్ ఐడీలు రాసి పెట్టుకోండి.
☐ రెండు కమిట్లలోనూ పార్సర్.సి మొదటి లైను చూడండి. ఏ బైసన్ వెర్షన్‌తో తయారైందో అక్కడే ఉంటుంది. కొంచెం కిందికి వెళ్తే వైవైబైసన్_వెర్షన్ అనే మాక్రోలోనూ అదే ఉండాలి. ఈ రెండూ కలవకపోతే ఫైల్‌ను ఎవరో ముట్టుకున్నట్టే.
☐ మేక్‌ఫైల్‌లో బైసన్‌ను పిలిచే లైను యథాతథంగా తీసుకోండి. ఆప్షన్లు ఊహించుకోవద్దు.
☐ బైసన్ అయ్యాక ఆ ఫైల్‌ను మార్చే సెడ్ కానీ, ఆటోమేక్ వాడే వైఎల్‌ర్యాప్ స్క్రిప్టు కానీ, ఫార్మాటర్ కానీ నడుస్తుందేమో చూడండి.
☐ గ్రామర్‌లో %స్కెలిటన్ అని ఉంటే అది చూపించే ఫైల్‌ను (పార్సర్ కోడ్‌కు మూసగా వాడే టెంప్లేట్) కూడా ఇన్‌పుట్‌గానే లెక్కేయండి.
☐ పని అంతా నెట్‌వర్క్ ఆపేసిన కంటైనర్‌లో చేయండి. బైసన్ లోపల ఎం4 అనే మాక్రో ప్రాసెసర్ నడుస్తుంది. మీరు ఇంకా నమ్మని కోడ్‌ను మీ సొంత అకౌంట్‌లో నడపడం ఎందుకు?

జనరేటర్ రిపోలోనే ఉండే ప్రాజెక్టులూ ఉన్నాయి. ఎస్‌క్యూలైట్‌లో లెమన్ అనే పార్సర్ జనరేటర్, దాని టెంప్లేట్ రెండూ టూల్ ఫోల్డర్‌లో ఉంటాయి. రూబీ 3.3 నుంచి బైసన్ స్థానంలో లరామా వచ్చింది, అదీ రిపోలోనే ఉంటుంది. సీపైథాన్‌లో పెగ్ జనరేటర్ టూల్స్ ఫోల్డర్‌లో ఉంది. ఇలాంటి చోట గ్రామర్ మారకపోయినా జనరేటర్ కోడ్ మారితే పార్సర్ మారుతుంది. ఆ ఫోల్డర్ చరిత్ర కూడా తీయండి.

## 2. ఏ కమిట్‌లో ఏం కలిసి మారిందో చూడండి

గిట్ లాగ్‌ను పార్సర్.వై మీద ఒకసారి, పార్సర్.సి మీద ఒకసారి నడిపి రెండు జాబితాలు పక్కపక్కన పెట్టండి.

రెండూ ఒకే కమిట్‌లో మారితే మామూలు సంగతే, 3వ భాగానికి వెళ్ళండి. గ్రామర్ మారి పార్సర్ మారకపోతే జనరేట్ చేయడం మర్చిపోయారు. ఆ బాకీ తర్వాత ఎవరి కమిట్‌లోనో, సంబంధం లేని పనితో కలిసి బయటపడుతుంది. కారణం తెలియని మార్పుల్లో ఈ రకం చాలా ఎక్కువ. కాబట్టి ఈ కమిట్‌ను మాత్రమే చూడకండి, పార్సర్.సి చివరిసారి సరిగ్గా జనరేట్ అయిన చోటి దాకా వెనక్కి వెళ్ళండి.

గ్రామర్ మారకుండా పార్సర్ మాత్రమే మారినప్పుడే అసలు పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. గిట్ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఈ పార్సర్‌ను జనరేటెడ్ అని గుర్తు పెట్టి ఉంటే గిట్‌హబ్ డిఫ్‌ను మడిచేస్తుంది. మైనస్-డిఫ్ అని ఉంటే గిట్ దాన్ని బైనరీలా చూపిస్తుంది. గిట్ డిఫ్‌కు టెక్స్ట్ ఆప్షన్ ఇచ్చి చూడండి. ఆ ఆట్రిబ్యూట్ లైను కూడా ఇదే కమిట్‌లో కొత్తగా వచ్చిందంటే కారణం అడగండి.

## 3. ముందు పాత ఫైల్‌ను తిరిగి తయారు చేయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. నేరుగా కొత్త కమిట్ మీద జనరేట్ చేస్తారు, తేడా వస్తుంది. ఆ తేడా కమిట్ వల్ల వచ్చిందా, తమ మెషీన్ వల్ల వచ్చిందా అనేది తేలక తల పట్టుకుంటారు.

1. గిట్ వర్క్‌ట్రీతో పాత కమిట్‌ను వేరే ఫోల్డర్‌లో తెరవండి.
2. పాత పార్సర్.సి హెడర్‌లో (మొదటి లైనులో) ఉన్న వెర్షన్ బైసన్‌నే కంటైనర్‌లో పెట్టండి. దానికి దగ్గరగా ఉన్నది ఇంకోటి పనికిరాదు.
3. మేక్‌ఫైల్ ఏ ఫోల్డర్ నుంచి నడుపుతుందో అక్కడి నుంచే, అదే పాత్‌తో, అదే ఆప్షన్లతో నడపండి. అవుట్‌పుట్ పాత్ ఫైల్ లోపల కూడా కనిపిస్తుంది కాబట్టి వేరే చోటికి రాయిస్తే ఉత్తి పుణ్యానికి తేడాలొస్తాయి.
4. గిట్ డిఫ్ ఖాళీగా రావాలి.

ఖాళీగా వస్తే మీ సెటప్‌ను నమ్మొచ్చు. రాకపోతే కొత్త కమిట్ జోలికి అప్పుడే పోవద్దు. పాతదే గ్రామర్‌తో కలవడం లేదంటే ఎవరో ఎప్పుడో చేత్తో దిద్ది ఉండొచ్చు. ఆ దిద్దుబాటు ఏమిటో ముందు పట్టుకోవాలి, ఎందుకంటే కొత్తగా జనరేట్ చేసినప్పుడు అది పోతుంది.

దీనికి తరచూ కనిపించే ఉదాహరణ వైవైమాక్స్‌డెప్త్, పార్సర్ స్టాక్ ఎంత లోతు వరకు పెరగొచ్చో చెప్పే మాక్రో. బైసన్ ఇచ్చే డిఫాల్ట్ 10000. బాగా లోతుగా బ్రాకెట్లున్న ఇన్‌పుట్‌కు మెమరీ ఎగ్జాస్టెడ్ అని వస్తే, కొందరు పార్సర్.సి లోనే ఆ అంకె పెంచేస్తారు. పని జరిగిపోతుంది. తర్వాత ఎవరు జనరేట్ చేసినా అంకె మళ్ళీ 10000 అయిపోతుంది, పాత బగ్ తిరిగొస్తుంది, కమిట్ మెసేజ్‌లో దాని ఊసే ఉండదు. సరిచేయడం తేలిక: ఆ డిఫైన్‌ను పార్సర్.వై పై భాగంలో పెట్టండి. బైసన్ టెంప్లేట్ అది ముందే ఉందో లేదో చూసుకునే తన డిఫాల్ట్ పెడుతుంది.

## 4. ఇప్పుడు కొత్తదాన్ని తయారు చేయండి

కొత్త కమిట్‌కు ఇంకో వర్క్‌ట్రీ, కొత్త హెడర్‌లోని వెర్షన్, అదే పద్ధతి. డిఫ్ ఖాళీ అయితే ఫైల్‌లో దాచిపెట్టిందేమీ లేదు. 5, 6 భాగాలు వదిలేసి 7కు వెళ్ళండి.

వెర్షన్ కూడా మారిందా? అయితే మధ్యలో ఇంకో మెట్టు వేయండి. పాత గ్రామర్‌ను కొత్త బైసన్‌తో జనరేట్ చేయండి. పాతదానికీ దీనికీ మధ్య తేడా టూల్ తెచ్చింది. దీనికీ కొత్తదానికీ మధ్య తేడా గ్రామర్ తెచ్చింది. రెండు వేల లైన్లున్న డిఫ్ ఇలా రెండుగా విడిపోతే, గ్రామర్ వైపు తేడా చాలాసార్లు చిన్నదే ఉంటుంది.

## 5. తేడా మిగిలితే: ముందు చెత్తను తీసేయండి

హాని లేనివి ఎక్కువగా ఇవే. ఊరికే "ఇదే అయి ఉంటుంది" అనుకోకుండా ఒక్కోదాన్నీ తీసేసి మళ్ళీ పోల్చండి.

#లైన్ డైరెక్టివ్‌లు. అసలు గ్రామర్‌లో ఏ లైను నుంచి వచ్చిందో చెప్పేవి. పార్సర్.వై పైన ఒక కామెంట్ చేరినా కిందివన్నీ మారిపోతాయి. ఎవరి హోమ్ ఫోల్డర్ పాతో కూడా వీటిలోకి వచ్చేస్తుంటుంది. పోల్చడానికి మాత్రం నో-లైన్స్ ఆప్షన్‌తో రెండు వైపులా జనరేట్ చేసి చూడండి.

ఇంక్లూడ్ గార్డ్ పేర్లు. ఒక హెడర్ ఫైల్ రెండుసార్లు చేరకుండా ఆపే మాక్రోలివి. పార్సర్.సి తో పాటు తయారయ్యే పార్సర్.హెచ్‌లో ఇవి ఫైల్ పాత్ నుంచి పుడతాయి. బిల్డ్ ఫోల్డర్ మారితే పేరు మారుతుంది.

టెంప్లేట్ మార్పులు. కాపీరైట్ సంవత్సరాలు, కొత్త మాక్రోలు, ఈనమ్‌లు. ఉదాహరణకు బైసన్ 3.6 నుంచి సింబల్ రకాలకు ప్రత్యేక ఈనమ్ (పేర్లు పెట్టిన అంకెల జాబితా) వచ్చింది, దాంతో డిఫ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. వైవైఎన్‌రూల్స్, వైవైఎన్‌స్టేట్స్, వైవైఎన్‌టోకెన్స్ అనే మూడు అంకెలు చూడండి, ఇవి రూల్స్, పార్సర్ స్థితులు, టోకెన్లు (ఇన్‌పుట్‌లోని విడి ముక్కలు) ఎన్నో చెబుతాయి. వెర్షన్ మాత్రమే మారితే సాధారణంగా ఇవి మారవు. మారాయంటే గ్రామర్ వైపు ఏదో కదిలింది.

మ్యాక్ మెషీన్. మ్యాక్‌ఓఎస్‌తో వచ్చే బైసన్ 2.3, చాలా పాతది. హోమ్‌బ్రూతో కొత్తది పెట్టినా అది దానంతట అది పాత్‌లోకి రాదు, కాబట్టి పాతదే నడుస్తూ ఉంటుంది. హెడర్‌లో 2.3 కనిపిస్తే సగం కథ అర్థమైనట్టే.

లైన్ చివరలు, ఫార్మాటింగ్. విండోస్‌లో లైన్ చివరి గుర్తులను మార్చే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే గిట్ సెట్టింగ్, లేదా రిపో మొత్తం మీద నడిచిన క్లాంగ్-ఫార్మాట్ అనే ఫార్మాటర్. గిట్ డిఫ్‌లో ఖాళీలను పట్టించుకోని ఆప్షన్ పెడితే లైన్ చివరల, ఖాళీల తేడాలు మాయమవుతాయి, ఫార్మాటర్ లైన్లను వేరేచోట విరిచిన తేడాలు మాత్రం మిగులుతాయి.

మేక్ తనంతట తానే జనరేట్ చేయడం. గిట్ ఫైళ్ళ టైమ్‌స్టాంప్‌లు దాచదు. క్లోన్ చేసినప్పుడు పార్సర్.వై కాస్త ఆలస్యంగా డిస్క్ మీదికి వస్తే, మేక్ దాన్ని కొత్తదనుకుని లోకల్ బైసన్‌ను పిలుస్తుంది. డెవలపర్‌కు ఆ విషయమే తెలియదు. చివర్లో అన్నీ కలిపి కమిట్ కొట్టేస్తాడు. అతన్ని అడిగితే "నేను ఆ ఫైల్ ముట్టుకోలేదు" అంటాడు, అతను చెప్పేది నిజమే.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్. పార్సర్.సి లోని కాన్‌ఫ్లిక్ట్‌ను చేత్తో పరిష్కరిస్తే అటు బ్రాంచ్‌దీ కాని, ఇటు బ్రాంచ్‌దీ కాని పట్టికలు తయారవుతాయి. అది కంపైల్ కూడా కావచ్చు, అదే ప్రమాదం. పార్సర్.వై కాన్‌ఫ్లిక్ట్ తీర్చి, పార్సర్.సి ని మళ్ళీ జనరేట్ చేయాలి.

## 6. చెత్త పోయాక ఇంకా మిగిలితే

ఇప్పుడు లైను లైను చదవండి. వెతకాల్సిన చోట్లు:

☐ రూల్ యాక్షన్లు. పార్సింగ్ చేసే వైవైపార్స్ ఫంక్షన్ లోపలి స్విచ్‌లో ఒక్కో కేసూ గ్రామర్‌లో బ్రేసుల మధ్య రాసిన కోడ్‌కు నకలు. డాలర్, @ గుర్తులు విస్తరించడం తప్ప మిగతాదంతా కలవాలి.
☐ ఫైల్ మొదట్లో, చివర్లో గ్రామర్ నుంచి కాపీ అయ్యే సొంత సి కోడ్.
☐ కొత్త ఇంక్లూడ్‌లు, కొత్త ఫంక్షన్ పిలుపులు, మెమరీ కేటాయింపు మాక్రోలు.
☐ పట్టికల్లో ఒంటరిగా మారిన అంకెలు.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. తీసివేత ఎక్స్‌ప్రెషన్ ఒకటి చూద్దాం: 10 - 4 - 3. గ్రామర్‌లో మైనస్‌ను %లెఫ్ట్ (ఎడమ నుంచి లెక్కించు) అని ప్రకటిస్తే జవాబు 3. %రైట్ అంటే పార్సర్ ముందు 4 - 3 చేసి, 10 లోంచి 1 తీసి 9 ఇస్తుంది. 10 - 4 తర్వాత రెండో మైనస్ కనిపించినప్పుడు రిడ్యూస్ చేయాలా (చదివినదాన్ని ఒక రూల్‌గా ముగించాలా), షిఫ్ట్ చేయాలా (ముందుకు చదవాలా) అన్నదే ఇక్కడి నిర్ణయం. ఆ నిర్ణయం వైవైపాక్ట్, వైవైటేబుల్, వైవైచెక్ లాంటి పట్టికల్లో కొన్ని అంకెల రూపంలోనే ఉంటుంది. యాక్షన్ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. ఆ అంకెలను కళ్ళతో చూసి ఎవరూ పట్టుకోలేరు, ఎంత అనుభవం ఉన్నా సరే. మళ్ళీ తయారు చేయడం తప్ప దారి లేదని నేను పట్టుబట్టేది అందుకే.

## 7. గ్రామర్ మార్పు చిన్నదే, పట్టికలన్నీ ఎందుకు మారాయి?

కొన్నిసార్లు డిఫ్ పెద్దగా ఉన్నా కారణం ఒక్క పదమే. గ్రామర్‌లో టోకెన్ల వరుస నంబర్, ప్లస్, మైనస్ అనుకోండి. బైసన్ వీటికి 258 నుంచి అంకెలు ఇస్తుంది. అంటే నంబర్ 258, ప్లస్ 259, మైనస్ 260. ఇప్పుడు ప్లస్ తర్వాత టైమ్స్ చేర్చారు. టైమ్స్ 260 అయింది, మైనస్ 261కి జరిగింది. అక్కడి నుంచి, టోకెన్ అంకెలను పార్సర్ లోపలి అంకెలకు మార్చే వైవైట్రాన్స్‌లేట్ పట్టిక మారుతుంది, దాని వెంట మిగతా పట్టికలూ మారతాయి.

పార్సర్ వరకూ ఇది సరైనదే. కానీ లెక్సర్‌ను (ఇన్‌పుట్‌ను టోకెన్లుగా విడగొట్టి పార్సర్‌కు పంపే భాగం) పాత పార్సర్.హెచ్‌తో కంపైల్ చేసి వదిలేస్తే, మైనస్ చూసినప్పుడు అది ఇంకా 260 పంపుతూనే ఉంటుంది. పార్సర్ దాన్ని టైమ్స్ అనుకుంటుంది. ఎర్రర్ కూడా రాకపోవచ్చు, లెక్క తప్పుతుందంతే. అందుకే పార్సర్.హెచ్ కూడా ఇదే కమిట్‌లో మారిందా, దాన్ని ఇంక్లూడ్ చేసే ఫైళ్ళన్నీ మళ్ళీ కంపైల్ అవుతున్నాయా అని చూడండి. కొత్త టోకెన్‌ను వరుస చివర చేర్చమని రివ్యూలో సూచించండి, డిఫ్ కూడా తగ్గుతుంది.

గ్రామర్ అర్థం ఎంత మారిందో చూడటానికి పార్సర్.అవుట్‌పుట్ నివేదిక ఉంది. పాత, కొత్త గ్రామర్లకు రిపోర్ట్ ఆప్షన్‌తో జనరేట్ చేసి పోల్చండి. షిఫ్ట్/రిడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్‌లు (ఈ రెండిట్లో ఏది చేయాలో గ్రామర్ తేల్చని చోట్లు) పెరిగాయా? ఎన్ని కాన్‌ఫ్లిక్ట్‌లు ఉంటాయో ముందే చెప్పే %ఎక్స్‌పెక్ట్ అంకె నిశ్శబ్దంగా పెరిగిందా? ఆ అంకె పెంచడమంటే హెచ్చరికను నోరు మూయించడం, కాబట్టి కారణం రాసి ఉండాలి. 3.7 నుంచి బైసన్ ప్రతి కాన్‌ఫ్లిక్ట్‌కూ ఉదాహరణ ఇన్‌పుట్ చూపిస్తుంది. కౌంటర్‌ఎగ్జాంపుల్స్ వార్నింగ్ ఆన్ చేయండి.

## 8. ట్రీ-సిట్టర్ పార్సర్లకు

ఇక్కడ పార్సర్.సి ఇంకా పెద్దది. ఒక మంచి సౌకర్యం ఉంది: గ్రామర్.జెఎస్ నుంచి ముందు గ్రామర్.జేసన్ వస్తుంది, దాని నుంచి పార్సర్.సి వస్తుంది. డిఫ్‌ను ఈ వరుసలో చూడండి:

1. గ్రామర్.జేసన్. చదవగలిగే ఫైల్. ఇది మారకుండా పార్సర్.సి మారితే టూల్ వెర్షన్ మారి ఉండాలి. లాంగ్వేజ్_వెర్షన్ అంకె చూడండి.
2. నోడ్-టైప్స్.జేసన్. ఎడిటర్లు, హైలైట్ క్వెరీలు ఆధారపడేది దీని మీదే. ఇక్కడ ఒక పేరు పోతే వాడుకరి దగ్గర ఏదో విరుగుతుంది.
3. పార్సర్.సి లోని స్టేట్_కౌంట్, సింబల్_కౌంట్, టోకెన్_కౌంట్ అంకెలు.
4. స్కానర్.సి. ఇది అదే ఫోల్డర్‌లో ఉన్నా జనరేటెడ్ కాదు, మనుషులు రాసింది. పూర్తిగా చదవాలి. జనరేటెడ్ ఫైళ్ళ గుంపులో కలిసిపోయి రివ్యూ లేకుండా వెళ్ళిపోయేది ఇదే.

గ్రామర్.జెఎస్ మారకుండానే గ్రామర్.జేసన్ మారితే కంగారు పడకండి, డిపెండెన్సీ చూడండి. సి++ గ్రామర్ సి గ్రామర్ మీద కట్టింది. టైప్‌స్క్రిప్ట్ గ్రామర్‌కు జావాస్క్రిప్ట్ గ్రామర్ ఆధారం. కింది ప్యాకేజ్ వెర్షన్ పెరిగితే పైన పార్సర్ మారుతుంది. జవాబు ప్యాకేజ్ లాక్ ఫైల్‌లో దొరుకుతుంది. గ్రామర్.జెఎస్ అనేది నిజంగా నడిచే జావాస్క్రిప్ట్ కాబట్టి కంటైనర్ నియమం ఇక్కడ మరీ ముఖ్యం.

## 9. ప్రవర్తన పరీక్షించండి

ఉన్న టెస్టులు పాస్ అయితే సరిపోదు. పాత పార్సర్, కొత్త పార్సర్ రెండిటికీ ఒకే ఇన్‌పుట్లు ఇచ్చి వచ్చిన ట్రీలను (పార్సర్ కట్టే నిర్మాణం) పోల్చండి.

☐ నిజమైన ఫైళ్ళు, వీలైనన్ని.
☐ ఎర్రర్ రావాల్సిన ఇన్‌పుట్లు. పాతది తిరస్కరించినదాన్ని కొత్తది ఒప్పుకుంటే అది గ్రామర్ మార్పే. చాలామంది ఈ పరీక్షే మర్చిపోతారు.
☐ ఆపరేటర్లను ఏ వరుసలో లెక్కిస్తుందో (ప్రిసిడెన్స్, అసోసియేటివిటీ) బయటపెట్టేవి, పైన చెప్పిన 10 - 4 - 3 లాంటివి.
☐ బాగా లోతైన నెస్టింగ్.

## 10. కారణం దొరకకపోతే

మెర్జ్ చేయకండి. రచయితను మర్యాదగా, సూటిగా మూడు విషయాలు అడగండి: ఏ కమాండ్ నడిపారు, ఏ వెర్షన్‌తో, ఏ మెషీన్‌లో. లేదంటే మీరే శుభ్రంగా జనరేట్ చేసిన ఫైల్‌ను పెట్టి, వారి మార్పు లేకుండా టెస్టులు నడపండి. ఏమీ విరగకపోతే ఆ మార్పు అక్కర్లేదు. విరిగితే ఆ మార్పు ఉండాల్సిన చోటు గ్రామర్ ఫైల్.

బయటి ప్రాజెక్ట్ నుంచి టార్‌బాల్ (విడుదల చేసిన సోర్స్ కోడ్ మూట) తెచ్చుకునేవాళ్ళు దాన్ని గిట్ ట్యాగ్‌తోనూ పోల్చాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కుదింపు టూల్‌లో బయటపడ్డ బ్యాక్‌డోర్‌లో 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లోని ఒక ఎం4 ఫైల్‌లో ఉన్న కోడ్ గిట్‌లో లేదు. అది పార్సర్ ఫైల్ కాదు. అయితే టార్‌బాల్‌లో ఇలాంటి అదనపు ఫైళ్ళు ఉండటం మామూలే కదా అన్న అలవాటే దానికి అండ అయింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17 నుంచి తన టార్‌బాల్స్‌లో బైసన్, ఫ్లెక్స్ (లెక్సర్ జనరేటర్) తయారు చేసిన ఫైళ్ళు పెట్టడం మానేసింది.

## 11. మళ్ళీ రాకుండా

☐ సీఐలో (ప్రతి మార్పుకూ తనంతట తానే నడిచే పరీక్షల వ్యవస్థ) ఒక జాబ్ పెట్టండి: జనరేట్ చేయి, గిట్ డిఫ్ ఖాళీ కాకపోతే ఫెయిల్ చేయి. సీపైథాన్ సీఐ తన జనరేటెడ్ ఫైళ్ళను ఇలాగే చూసుకుంటుంది.
☐ జనరేటర్ వెర్షన్‌ను కంటైనర్ ఇమేజ్‌లో కట్టేయండి. గ్రామర్‌లో రాసే %రిక్వైర్ కనీస వెర్షన్ మాత్రమే చూస్తుంది, అంతకన్నా కొత్తది వస్తే ఆపదు.
☐ టూల్ అప్‌గ్రేడ్‌కు విడి కమిట్. గ్రామర్ మార్పుతో కలపవద్దు.
☐ గిట్ఆట్రిబ్యూట్స్‌లో పార్సర్.సి కి మైనస్-మెర్జ్ పెట్టండి. అప్పుడు గిట్ రెండు వైపుల పట్టికలనూ తనంతట తాను అతికించదు.
☐ జనరేట్ చేసిన ప్రతి కమిట్ మెసేజ్‌లో వెర్షన్, కమాండ్ రాయండి. ఇంత చాలు: "బైసన్ 3.8.2, మేక్ పార్సర్.సి, డెబియన్ కంటైనర్‌లో. పార్సర్.వై లో టైమ్స్ టోకెన్ చేరింది, కాన్‌ఫ్లిక్ట్‌లు మారలేదు."